ఓడిపోని ఇస్త్రీ బాబాయి

ఇస్త్రీ బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. నాటకంలో ఓడిపోడు.

చొక్కాల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేసే ఈ మనిషి మామూలుగా చీమకైనా హాని తలపెట్టడు. పిన్ని కూరలో ఉప్పు మరిచిపోతే కిక్కురుమనకుండా తినేస్తాడు. కానీ ఆదివారం యూనియన్ షెడ్డులో సూపర్‌వైజర్ వేషం కట్టాడా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా నెగ్గనివ్వడు.

ఆ నాటకం తీరే వేరు. మిషను దగ్గరున్న మనిషి బాత్రూం తాళంచెవి అడుగుతుంది. సూపర్‌వైజర్ ఇవ్వడు. అంతే కథ. అయ్యాక మళ్ళీ మొదటినుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపండి!" అని లేచి, ఆమె చోట కూర్చుని, తాళంచెవి రాబట్టడానికి ప్రయత్నించవచ్చు. ఏడు నెలలుగా ఒక్కరూ రాబట్టలేదు. బతిమాలినవాళ్ళని బాబాయి వెక్కిరించాడు. ఏడ్చినవాళ్ళకి రుమాలిచ్చి, "కాలరు మీద పడనీకు, మరక" అన్నాడు.

జనం ఒళ్ళు మండి చెప్పులు విసిరేవారు. బాబాయి ఏరుకునేవాడు. ఆయన చెప్పులు కొని ఎన్నాళ్ళయిందో! కాకపోతే జత కుదరడానికి రెండు మూడు ఆటలు పట్టేది.

బాబాయి అన్న కూతురు, అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పిల్ల, ఆయన చేతిలో పదకొండుసార్లు ఓడింది. ఆమెకిది సరదా కాదు. పక్క మిషను అక్క ఏడో నెల కడుపుతో తాళంచెవి కోసం గంటన్నర ఉగ్గబట్టుకుని, అక్కడే కూలిపోయింది. బిడ్డ దక్కలేదు. కంపెనీ 'సొంత అనారోగ్యం' అని రాసుకుంది. ఆ గంటన్నరా ఈ పిల్ల తల వంచుకుని నలభై రెండు కాలర్లు కుట్టింది. ఇప్పుడా మిషను మీదికి వచ్చిన కొత్తామెకి ఐదో నెల.

"ఒక్కసారి ఓడిపోతే నీ సొమ్మేం పోయింది బాబాయ్?" అని పదకొండోసారి ఓడిన ఆదివారం ఏడ్చేసింది.

"నేనోడిపోతే నీకు చప్పట్లొస్తాయమ్మా. తాళంచెవి రాదు."

"నీది రాతిగుండె!"

"సర్లే, మళ్ళీ కూర్చో. ఈసారి బతిమాలకు."

మర్నాడే కొత్తామె తాళంచెవి అడిగింది. "టార్గెట్ అయ్యాక" అన్నాడు సూపర్‌వైజర్.

"ఆపండి!"

అన్నది తానేనని ఆ పిల్లకి ఆలస్యంగా తెలిసింది. అప్పటికే లేచి నిలబడింది.

"మధ్యలో నీకేంటి? దానికి వకీలువా?"

అరె, ఇది బాబాయి మాటే! రెండో ఆదివారం అన్నాడు.

"పక్క మిషను దాన్ని సార్. తాళంచెవివ్వండి."

"గేటు బయట నీలాంటోళ్ళు వందమందున్నారు."

ఇది మూడో ఆదివారం మాట. బాబాయి ఇంతకన్నా ఘోరంగా అన్నాడు.

"వాళ్ళకీ బాత్రూం కావాలిగా సార్?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినామే మిషను ఆపింది. ఆ తర్వాత వరసంతా ఆగింది. సూపర్‌వైజర్ నోరు తెరిచాడు గానీ సరుకు అయిపోయింది. బాబాయి దగ్గరైతే ఇంకో పాతిక మాటలుండేవి. మధ్యాహ్నానికల్లా బాత్రూం తలుపుకున్న తాళమే ఊడదీశారు.

ఆమె ఇస్త్రీ గదికి పరుగెత్తింది. "వాడనే మాటలన్నీ నీకెలా తెలుసు బాబాయ్?"

బాబాయి సొరుగు తెరిచాడు. నిండా చొక్కాల్లో పెట్టే అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో తిట్టు. ఆయన బల్ల సూపర్‌వైజర్ గది గోడకి ఆనుకునే ఉంది. అన్నిటికన్నా అడుగున, కూలిపోయిన అక్కని ఆ రోజు సూపర్‌వైజర్ అన్న మాట ఉంది.

"గోడకివతల నేనూ ఆవేళ ఇస్త్రీ చేస్తూనే ఉన్నానమ్మా" అన్నాడు. "కొత్త మాటకే కదా మనిషి తడబడేది. అన్నీ నా నోటే వినేస్తారని..."

పై ఆదివారం ఆమె మళ్ళీ ఎదురుగా కూర్చుంది. బాబాయి నాలుగు మాటలన్నాడు, సొరుగు నిండా ఉన్నా ఐదోది ఎందుకో దొరకలేదు. తాళంచెవి బల్లమీద పెట్టేశాడు. షెడ్డు చప్పట్లతో దద్దరిల్లింది. ఒక్క చెప్పూ పడలేదు. బాబాయి మొహం చిన్నబోయింది.

"ఎడమకాలిది ఇంకా జత కుదరలేదమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుని, తన ఎడమచెప్పు తీసి గురిచూసి విసిరింది. చిన్నదైంది. అయినా తొడుక్కున్నాడు.