సొంత చక్రాల మీద

మా బండి నాలుగు రేసుల్లో పాల్గొంది. నాలుగింటి నుంచీ మరో బండి మీదెక్కి ఇంటికొచ్చింది.

రేసు అంటే ఎడారి రేసు. పెర్త్ నుంచి తూర్పుగా ఆరేడు గంటలు పోతే ఎర్రమట్టి, మోకాలెత్తు గడ్డి, ఎవరికీ అక్కర్లేనంత ఆకాశం ఉంటాయి. అక్కడ ఒక పెద్ద చుట్టు గీసి, మలుపుల దగ్గర బాణాలు పాతుతారు. మూడు చుట్లు తిరగాలి. సాయంత్రం నాలుగు లోపు మూడోది ముగించినవాళ్ళకి ఫలితాల కాగితంలో ఒక అంకె వస్తుంది. మిగిలినవాళ్ళకి పూర్తి చేయలేదని చెప్పే మూడు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నా పేరు పక్కన ఆ అక్షరాలు డిగ్రీలాగా స్థిరపడిపోయాయి.

మాది స్టాక్ క్లాస్. అంటే బండి కంపెనీలోంచి ఎలా బయటికొచ్చిందో అలాగే పరిగెత్తాలి. మన ప్రాణం కాపాడేవి, అంటే లోపల ఇనప పంజరం, భుజాల మీదుగా బిగించే బెల్టులు, మంటలార్పే సిలిండరు పెట్టుకోవచ్చు. బండి వేగం పెంచేవి పెట్టకూడదు. ఈ నియమాన్ని నేనెప్పుడూ ఉల్లంఘించలేదు. మాది పాత డీజిల్ యూట్. ముందు రెండు సీట్లు, వెనక తెరిచిన తొట్టి. రైతులు గొర్రెలకి మేత మోసుకెళ్ళడానికి చేసిన బండి. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే ఈపాటికి ఏ పొలంలోనో గౌరవంగా రిటైరయ్యేది.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో ఒక ఆఫీసులో కూర్చుని, గనుల్లో పనిచేసే యంత్రాలని మరమ్మతు కోసం ఎప్పుడెప్పుడు ఆపాలో షెడ్యూళ్ళు తయారుచేస్తాను. ఇతరుల యంత్రాలు నేను చెప్పినప్పుడు ఆగుతాయి. నాది మాత్రం సొంత అభిప్రాయాలున్న యంత్రం.

పియారా వాటర్స్‌లో మా ఇంటి గరాజ్ మొత్తం ఆ బండిదే. మా ఆవిడ సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఇంటి నుంచే పని. ఆమె ఆఫీసు డైనింగ్ టేబుల్ మీద ఒక చివర. రెండో చివర నా షాక్ అబ్సార్బర్లు అప్పుడప్పుడు విశ్రాంతి తీసుకునేవి. నాలుగో రేసు తర్వాత ఆమె టేపు తీసుకుని గరాజ్ కొలిచింది.

"ఐదోది కూడా వెళ్ళు. నేనేం వద్దనట్లా," అంది. "పూర్తి చేస్తే గరాజ్ నీది. చెయ్యకపోతే బండి అమ్మేస్తాం. అక్కడ నా డెస్క్ వస్తుంది. ఓకేనా?"

న్యాయంగానే ఉంది. ఒప్పుకున్నాను. ఇంతలో నా పక్క సీట్లో కూర్చుని దారి చదివే మిత్రుడు ఉద్యోగం మారి సిడ్నీలో స్కోఫీల్డ్స్‌కి వెళ్ళిపోయాడు. ఇంకెవరినైనా వెతుక్కుంటానంటే మా ఆవిడ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, "నేనే కూర్చుంటాలే. నా కళ్ళ ముందే ఆగిపోతే తర్వాత ఆర్గ్యుమెంట్ ఉండదు," అంది. అలా, నేను ఓడిపోతే లాభపడే మనిషే నాకు దారి చూపే మనిషైంది.

సరిగ్గా అప్పుడే మావయ్య గారు ఆరు నెలలకని వచ్చారు. అత్తయ్య గారు బెంగళూరులో రెండో కూతురి పురిటికి ఉండిపోయారు. మావయ్య గారు అనంతపురం వైపు ఒక బస్సు డిపోలో గరాజ్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మొదటి వారం పార్కు చూశారు. రెండో వారం పార్కు పక్కనున్న ఇంకో పార్కు చూశారు. మూడో వారం గరాజ్‌లోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏమప్పా, దీన్ని అమ్మేయమంటాందంట కదా మా పాప."

"అవును మావయ్య గారూ."

"మంచి మాట చెప్పింది." ఇంకోసారి తిరిగారు. "సుత్తి ఉండాదా?"

ఇచ్చాను. ఆయన కింద కూర్చుని ఒక్కో చక్రం నట్టునీ చిన్నగా కొడుతూ, చెవి ఒగ్గి విన్నారు. గట్టిగా ఉన్న నట్టు గంటలా మోగుతుందట, వదులైంది దగ్గుతుందట. తర్వాత వెనక స్ప్రింగు పట్టీల దగ్గరికి పోయారు. ఐదు నిమిషాలకి లేచి, "నాలుగు తూర్లు ఆగిపోయిందంటే నాకేం ఆశ్చర్యం ల్యా. నాలుగు తూర్లు బయల్దేరింది చూడు, అదీ ఆశ్చర్యం," అన్నారు.

ఆయన కూతురి పక్షమే. ఆ విషయం ఏనాడూ దాచలేదు. కానీ తన చేతి కిందికి వచ్చిన బండిని బాగుచేయకుండా గేటు దాటించడం ఆయన వల్ల అయ్యే పని కాదు. రోజూ నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏదో ఒక భాగం విప్పి, పాత దుప్పటి మీద వరసగా పేర్చి ఉండేది. నేను కంప్యూటర్లో షెడ్యూలు వేసుకుని మరీ మరిచిపోయే పనులు ఆయన వేలితో తడిమి గుర్తుపట్టేవారు. స్ప్రింగుని ఇరుసుకి కట్టే బోల్టుల్ని ఖాళీ బండి మీద బిగించి వదిలేస్తున్నానని ఆయనే కనిపెట్టారు. వెనక తొట్టిలో ఇసక బస్తాలు వేయించి, బరువు మీద మళ్ళీ బిగించమన్నారు. బోల్టు ముప్పావు చుట్టు తిరిగింది. నా రెండో రేసూ మూడో రేసూ ఆ ముప్పావు చుట్టులోనే పోయాయి.

ఒకరోజు కూతురి నెయిల్ పాలిష్ అడిగారు.

"ఎందుకు నాయనా?"

"నట్లకి."

నట్టు మీంచి బోల్టు మీదకి ఒక ఎర్ర గీత. రేసు తర్వాత గీత రెండు ముక్కలైతే నట్టు కదిలినట్టు. డిపోలో తెల్ల పెయింటు వాడేవారట. మా బండికి మాత్రం ముప్పై చిల్లర నట్లు పెళ్ళికెళ్తున్నట్టు తయారయ్యాయి.

రేసుకి మా వీధి చివరి పెద్దాయనతో కలిసి వెళ్ళాం. ఆయన రిటైరైన లారీ డ్రైవరు. నాలుగుసార్లూ నా బండిని ఇంటికి చేర్చింది ఆయన ట్రెయిలరే. అడగక్కర్లేకుండానే ఐదోసారి కూడా ఖాళీ ట్రెయిలరు తగిలించుకుని వచ్చాడు. అందులో వెటకారం లేదు, అనుభవం ఉంది.

రేసు రోజు పొద్దున్న పూజ చేశాం. ఎంత చదువుకున్నా, కొత్త ప్రయాణానికి బండిని ఊరికే బయల్దేరదీసే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేదు. మా పెరట్లో పూసిన బంతిపూలతో మా ఆవిడ బారెడు దండ గుచ్చి తెచ్చింది. రెండు లైట్ల మధ్య గ్రిల్‌కి అడ్డంగా మావయ్య గారే కట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టాను. తనిఖీ అధికారి ఒకాయన అటుగా వచ్చి, అట్ట మీద కాగితాలతో కాసేపు నిలబడ్డాడు.

"మేట్, అది ఫ్యాక్టరీ ఫిట్టింగేనా?" అన్నాడు దండని చూపిస్తూ.

"మా దేశంలో అన్ని బళ్ళకీ స్టాండర్డ్," అన్నాను.

ఆయన ఆలోచించి, లైట్లు కనిపిస్తున్నాయని చూసుకుని, టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

మొదటి చుట్టు బాగా జరిగింది. హెల్మెట్ల లోపలి మైకులో మా ఆవిడ గొంతు ఎయిర్‌పోర్టు అనౌన్స్‌మెంటులా ప్రశాంతంగా వస్తోంది. "మూడొందల మీటర్లలో లెఫ్ట్. గుంత ఉంది. నిన్న నువ్వు చూసి కూడా మర్చిపోయిన గుంత." ఎడారిలో పిండిలాంటి మెత్తటి ధూళి గుంతల్ని నింపేసి నేలలా నటిస్తుంది. ఆమె చెప్పకపోతే రెండింటిలో తప్పకుండా దిగబడేవాణ్ణి.

రెండో చుట్టు సగంలో ఉష్ణోగ్రత ముల్లు లేచింది. వేగం తగ్గించాను. అయినా లేచింది. దారి పక్కకి తీసి ఆపేశాను. బానెట్ ఎత్తితే ఆవిరి. నాలుగేళ్ళ యూనివర్సిటీ చదువూ ఒక్కసారిగా పనిచేసింది. హెడ్ గాస్కెట్ పోయింది, లేదా వాటర్ పంపు పోయింది, లేదా రెండూ పోయాయి. ఏదైనా ఇక్కడ బాగయ్యేది కాదు. వెనక్కి పోయి టైరుకి ఆనుకుని మట్టిలో కూర్చున్నాను.

"అయిపోయింది," అన్నాను. "డెస్క్ కొనుక్కో."

ఆమె నన్ను దాటుకుని బండి ముందుకి నడిచింది. కాసేపటికి పిలిచింది.

"ఇట్లా రా. ఇది చూడు."

రేడియేటర్ ముందు భాగం కనబడటం లేదు. అక్కడ నారింజరంగు తివాచీ ఒకటి పరుచుకుని ఉంది. గాలి దెబ్బకి దండ రాలి, రేకులన్నీ రేడియేటర్ సందుల్లోకి పీల్చుకుపోయాయి. దారి మధ్య ఎదిగిన గడ్డి గింజలు వచ్చి ఆ రేకులకి అతుక్కున్నాయి. దండ దారం వాటన్నిటినీ చక్కగా కుట్టిపెట్టింది. లోపలికి గాలి పోయే దారే లేదు.

ఒక మెకానికల్ ఇంజనీరు, ముప్పయ్యేళ్ళు బస్సులు చూసిన ఫోర్‌మన్, తప్పులు వెతకడమే ఉద్యోగమైన టెస్టరు. ముగ్గురం ముప్పై నట్లకి గీతలు గీశాం. రేడియేటర్ ముందు బారెడు పూలు మేమే కట్టి దణ్ణం పెట్టుకున్నాం. తనిఖీ చేయాల్సిన వస్తువుల్లో దండ కూడా ఒకటని మాలో ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఆ అధికారి ఒక్కడే. ఆయన్ని నేనే ఒక జోకుతో పంపేశాను.

అప్పుడామె ఊరుకుని ఉంటే సరిపోయేది. ఒప్పందం ప్రకారం బండి ఆగింది, ఆమె కళ్ళ ముందే ఆగింది. గరాజ్ ఆమెది. నేను అదే చెప్పాను.

"కాదు," అంది, హెల్మెట్ తీసి నేల మీద పెడుతూ. "దండ గుచ్చింది నేను. నేను పెట్టిన బగ్‌కి నీ బండిని ఫెయిల్ చేస్తే ఎట్లా? ఇది కౌంట్ కాదు."

"చేస్తే అడిగేవాళ్ళు లేరు."

"నేను ఉన్నా కదా." జడలోంచి పిన్ను లాగింది. "నువ్వు కింద వరస తియ్యి. టైమ్ ఉంది."

వంగి, ఒక్కో సందులోంచి పిన్నుతో గింజలు తీశాం. ఇంజను చల్లబడ్డాక తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు చాలావరకు రేడియేటర్‌లో పోశాం. పక్కనుంచి మిగిలిన బళ్ళన్నీ మా మీద ధూళి చల్లుకుంటూ పోయాయి. ఒకడు పాపం హారన్ కూడా కొట్టాడు. నలభై నిమిషాలు పట్టింది. మా ఇన్నేళ్ళ కాపురంలో నేనింత శ్రద్ధగా ఆమె చెప్పింది చెప్పినట్టు చేసిన నలభై నిమిషాలు వేరే లేవు.

మళ్ళీ ఎక్కాక ఆమె కాగితం వెనక లెక్క వేసింది. "మూడో లాప్ మొదటిదానికంటే నిదానంగా పోకూడదు. స్పీడుగా పోయినా కష్టమే, ఇంజన్ వేడెక్కుతుంది. అర్థమైందా?"

"అంటే మొదటి దానిలాగే పోవాలి."

"చూశావా, చదువుకున్నోడివి."

రెండోది ముగించాక, మూడో చుట్టంతా ఆమె ముల్లునీ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తూనే ఉంది. "ఇప్పుడు తగ్గించు, బ్రీత్ చెయ్యనీ దాన్ని." "ఇప్పుడు పోవచ్చు." ఒకచోట మధ్యలోని గడ్డి తగలకుండా దారిలో ఎడమ అంచుకి జరగమంది. ఆ ఆలోచన నాకు రాదు. చివరి పది కిలోమీటర్లలో "నువ్వు" పోయి "మనం" వచ్చింది. "మనం చేస్తాం. మనం ఇక్కడ బ్రేక్ వేస్తే పోతాం." నేను గమనించాను గానీ ఏమీ అనలేదు. అంటే మళ్ళీ "నువ్వు" వస్తుందని భయం.

నాలుగుకి ఆరు నిమిషాల ముందు గీత దాటాం. మా వెనక ఎవరూ లేరు. దాటిన బళ్ళలో మాదే ఆఖరిది.

మావయ్య గారు చప్పట్లు కొట్టలేదు. నేరుగా వచ్చి ఒక్కో చక్రం మధ్యలో అరచెయ్యి ఆనించి వేడి చూశారు. తర్వాత వంగి ఎర్ర గీతలు చదివారు.

"ఒకటి కదిలింది," అన్నారు, ఎవరో చనిపోయినంత గంభీరంగా.

అప్పుడు మా ఆవిడ దండ సంగతి చెప్పింది. ఆయన గ్రిల్ వైపు చాలాసేపు చూశారు.

"దసరాకి ఎన్ని బస్సులకి కట్టింటాను," అన్నారు. "అవి నలభై దాటవు. ఆడ ఈ గడ్డి ల్యా." గ్రిల్‌కి మిగిలిన ముడిని వేలితో తడిమి, "నేను చూసుండల్ల. కట్టిందే నేను," అన్నారు. ఆయన తన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. అది కూడా నా మీద తోసేయడానికి ఎంత వీలున్నా.

మర్నాడు పొద్దున్న లారీ పెద్దాయన అలవాటు కొద్దీ ట్రెయిలర్ పలకలు కిందికి దించాడు. మావయ్య గారు అడ్డంగా నిలబడ్డారు.

"నడిచొచ్చిన బండిని ఎత్తుకుపోతారా ఎవరైనా? ఎత్తమను ఆ పలకలు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన మావయ్య గారిని ఒకసారి, బండిని ఒకసారి చూసి, టోపీ తీసి, పలకలు ఎత్తేశాడు. మా ఆవిడ పెద్దాయన కారులో ఏసీలో కూర్చుంది. మావయ్య గారు నా పక్కన, ఆమె సీట్లో. ఎనభై దాటనివ్వలేదు. దారి పొడుగునా కిటికీ అద్దం దించి ఇంజను విన్నారు. మధ్యలో ఒకసారి మాత్రం, ఎవరితోనో అన్నట్టు, "బాగనే మోగుతాంది," అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ముందే చేరుకుని గరాజ్ తలుపు ఎత్తి, ఒక పక్కగా నిలబడి ఉంది. నేను రివర్సులో లోపలికి పెడుతుంటే మావయ్య గారు వెనక నిలబడి చెయ్యి ఊపారు. ఇంజను ఆపాక ఆమె వచ్చి కిటికీ మీద మోచేతులు ఆనించింది.

"గరాజ్ నీది," అంది. "డైనింగ్ టేబుల్ మొత్తం నాది. రెండో చివర కూడా. నువ్వెక్కడ తింటావో చూసుకో."

ఆ వారమే రెండో మానిటర్ తెచ్చి పెట్టింది. మావయ్య గారు వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఆదివారాలు ఫోన్ చేస్తే కూతురి క్షేమం అడిగాక స్ప్రింగుల క్షేమం అడుగుతారు. మేం సోఫాలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అన్నం తింటున్నాం. సాంబారు కొంచెం చూసుకోవాలి. అంతకుమించి నాకేం ఇబ్బంది లేదు.