ఇసుకలో ముగ్గు

అయినా సెలవంటే ఊరికే పడుకోవడమే కదా, నానమ్మకు ఎన్నిసార్లు చెప్పాలి? అండమాన్‌లో నేను ఊయలలో ఫోన్ చూస్తూ పొద్దుపుచ్చుతుంటే, మిర్యాలగూడ నుంచి మాతో వచ్చిన ఆమె తెల్లారగానే కాటేజీ ముందు ఇసుక ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసేది. ఒకరోజు పక్క కాటేజీవాళ్లు వీడియో తీస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇజ్జత్ తీస్తున్నవ్ నానమ్మా, చెరిపెయ్" అని అరిచాను.

ఆమె కాలితో చెరిపేసింది.

"రజాకార్ల జమానాల కృష్ణ ఏటి నడుమ లంకల దాక్కున్నం బిడ్డా. ముగ్గు సూస్తే మనుషులున్నరని తెలుస్తదని మా అమ్మ ఏయనియ్యలే. గీడ గూడ దాక్కోనీకే వచ్చినమా?"

మర్నాడు ముగ్గుపిండి డబ్బా నేనే తెచ్చి ఇచ్చాను. వద్దని తల తిప్పుకుంది. ఇప్పటికీ మీరు ఇజ్జత్ తీసింది ఆమే అంటారా?