తోమేసిన నల్ల గిన్నె

హాలియాలో మా డాబా మీద ఎండకు కొదవ లేదని సోలార్ కుక్కర్ కొన్నాను. మా ఆడబిడ్డ దాన్ని చూసి, "ఎండకు ఒడియాలు ఎండుతయి గని పప్పు ఉడుకుతదా వదినె?" అని నలుగురిలో నవ్వింది. ఆ పప్పే పెడతాను, ఆదివారం భోజనానికి రమ్మన్నాను.

ఆదివారం పొద్దున కుక్కర్ గిన్నె తీస్తే తళతళా మెరుస్తోంది. ఆ గిన్నెకు బయట నల్ల రంగు ఉంటుంది, వేడిని పట్టేది ఆ నలుపే. మా అత్త దాన్ని మసి అనుకొని బూడిదా పీచూ పెట్టి పూర్తిగా తోమేసింది.

"చుట్టాలొస్తుంటే మసిగిన్నె బయటపెడ్తే ఇజ్జత్ పోదా బిడ్డా?" అంది.

వేరే దారి లేక ఆ గిన్నెలోనే పప్పు ఎండకు పెట్టాను. మధ్యాహ్నం రెండైనా పప్పు పలుకుగానే ఉంది. ఆడబిడ్డ ఒక బద్ద కొరికి, "మంచిగుంది వదినె, మల్ల ఆదివారానికి ఉడుకుతది" అంది. చివరికి గ్యాస్ మీద ఉడికించి వడ్డించాను.

మర్నాడే గిన్నెకు బయట మళ్లీ నల్ల రంగు వేయించాను. అప్పటినుంచి దాన్ని నేనే కడుగుతాను, ఎవరినీ ముట్టనివ్వను. ఇప్పుడు పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా రెండుసార్లు వేయించుకొని తింటుంది. ఎండకే ఉడికిందని చెబితే మాత్రం, "గ్యాస్ మీద జర పొంగిచ్చినవేమోలే" అంటుంది.