డాక్టరమ్మగారి ఓటమి

ఆసుపత్రి కిటికీ పక్కనుంచి ప్రచారం ఆటో ఒకటి చెవులు చిల్లులు పడేలా మైకు మోగించుకుంటూ వెళ్ళింది. ఎన్నికల మైకు ఎప్పుడు విన్నా నాకు డాక్టర్ వసుంధర గారే గుర్తొస్తారు. రామచంద్రపురంలో ఆవిడ ఆసుపత్రిలోనే నేను నర్సుగా పని నేర్చుకున్నాను. తర్వాత ఆవిడ ఎంపీ అయ్యారు, వరసగా గెలుస్తూ వచ్చారు. ఢిల్లీ నుంచి ఎప్పుడు వచ్చినా స్టెత్ మెడలో వేసుకుని ఓపీలో కూర్చోవడం మాత్రం మానలేదు.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్ద రైతు నన్ను చూసి చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఈ పిల్ల చేత సూది వద్దండి. ఇంకెవరినైనా పిలవండి," అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే, "రత్నమే వేస్తుందండి. వద్దంటే జ్వరంతోనే ఇంటికెళ్ళండి," అన్నారు. ఆయన గొణుక్కుంటూనే చేయి చాపాడు. నాకు భయం వేసింది గానీ సూది గురి తప్పలేదు.

ఆవిడ అసలు పంతం నేను చూసింది మా ఊరి విషయంలో. ఒక రసాయనాల ఫ్యాక్టరీ మా కాలవలోకి మురుగు వదిలేది. చేపలు చచ్చి తేలేవి. వలలు లాగేవాళ్ళ చేతులు పుళ్ళు పడేవి. ఆ ఫ్యాక్టరీ ఆవిడ పార్టీ పెద్దాయన బంధువులదే. అయినా పార్లమెంటులో లేచి ఆ సంగతి అడిగేశారు. కొద్ది రోజులకే ఆ పెద్దాయన ఆసుపత్రికి వచ్చారు. నేనప్పుడు మా ఊరి మనిషికి కట్టు కడుతున్నాను.

"కాలవ బాగానే ఉందని ప్రెస్ వాళ్ళకి ఒక్క మాట చెప్పేయండమ్మా. ఈసారీ టికెట్ మీకే," అన్నారాయన.

ఆవిడ ఆ మనిషి చేయి పట్టుకుని ఆయన ముందుకు చాపారు. "ఇది చూసి మీరే చెప్పండి, బాగుందని."

"ఏంటండీ ఇది! ఇన్నేళ్ళు రాజకీయం చేసినవాళ్ళు..."

"ఇన్నేళ్ళూ నేను డాక్టర్నేనండి. టికెట్ మీ దగ్గరే ఉంచుకోండి."

టికెట్ రాలేదు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. ప్రచారానికి నేనూ వెంట వెళ్ళాను. మండపేటలో ఎవరో లారీలు అడ్డం పెట్టించి మా జీపు ఆపేస్తే, దిగి ఎండలో నడుస్తూ మిల్లు కూలీలకి కాలవ సంగతే చెప్పారు. ఓడిపోయారు. మర్నాడు ఎప్పటి వేళకే ఓపీ తలుపులు తెరిపించారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇంత చేస్తే ఏం మిగిలిందండీ మేడం?"

"మురుగు ఆపారా, లేదా?"

ఆపారు. ప్రచారమంతా ఆ కాలవ మాటే మోగేసరికి అధికారులకి ఫ్యాక్టరీ మురుగు గొట్టం మూయించక తప్పలేదు.

"మరి ఏడుపెందుకు? భయం ఉంటే ఉండనీ రత్నం. నీ బదులు దాన్ని మాట్లాడనివ్వకు. పేషెంటుని పిలు."

ఆవిడ ఇప్పుడు లేరు. నాకు భయమూ పోలేదు. ఊరి పెద్దలెవరైనా తలుపు తోసుకొచ్చి, "ముందు మావాడిని చూడండి," అంటే ఇప్పటికీ గొంతు తడారిపోతుంది. ఆ తడారిన గొంతుతోనే, "వరసలో రండి," అంటాను.