మా ఆయన ఎత్తిన కాలు

అరవైల నాటి మాట. నాకు పెళ్లయి నెల కూడా కాలేదు. తాండూరులోని పుట్టింటి నుంచి వికారాబాద్‌లోని అత్తవారింటికి మా ఆయనతో బస్సులో వస్తున్నాను. మేకల మంద అడ్డం రావడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా తల ముందుకు ఊగి, విసురుగా వెనక్కి పోయింది. ఎక్కడా దెబ్బ తగల్లేదని ఇద్దరం నవ్వుకున్నాం. తెల్లారి లేచేసరికి మెడ కొయ్యలా బిగుసుకుపోయింది.

"మెడ పట్టింది బిడ్డా, పరేషాన్ గాకు" అంది అత్తమ్మ.

మా ఆయన ఎదురుకాళ్లతో పుట్టారు. అలాంటివాళ్లు తన్నితే పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. మా వాడకట్టులో ఆయన కాలు తగలని నడుము లేదు. నన్ను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ల ముసిముసి నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కాలెత్తి, దించేశారు. "జర చెప్పు, ఇంకేమన్న అయితుందా?"

"తల తిరుగుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి" అన్నాను.

అత్తమ్మ ఉలిక్కిపడింది. "వద్దురా! ఉత్తగ పట్టిన మెడకు గట్ల కాదు. నిన్న బస్సుల కొట్టిన ఝట్కా గిది. దవాఖానకు నడువుండ్రి!"

డాక్టరు మెడకు పట్టీ కట్టి, "తన్ని ఉంటే చెయ్యి పడిపోయేదేమో!" అన్నాడు. మా ఆయన ముఖం పాలిపోయింది.

ఆ తర్వాత మా కాపురంలో ఎప్పుడైనా పొరపాటున ఆయన కాలు నాకు తగిలితే, తగిలిన చోటు వదిలేసి నా మెడ తడిమి చూసేవారు.