దొర గడియారానికి మెరుగు

మా వీధి చివర రేకుల ఇంట్లో శోభనాద్రి మావయ్య ఉంటాడు. చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలుస్తున్నానంతే. చిలకలపూడిలో సగం మంది చేసే పనే ఆయనదీ. రాగి మీదా, ఇత్తడి మీదా బంగారు పూత వేస్తాడు. పన్నెండో ఏట పూత వేసే షెడ్డులో అడుగుపెట్టినవాడు నలభై ఏళ్లుగా యాసిడ్ తొట్టి పక్కనే ఉన్నాడు. ఆయన చేతి మీదుగా వెళ్లిన గాజులూ గొలుసులూ ఎన్ని పెళ్లిళ్లలో మెరిశాయో తెలియదు. ఆయన గోళ్లు మాత్రం ఎప్పుడో ఊడిపోయి, వంకరగా మొలిచాయి. గొలుసు కొనేటప్పుడు గోళ్ల సంగతి ఎవరు అడుగుతారు?

రెండేళ్లుగా దగ్గు. బందరు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, "మందులు రాస్తాను గానీ, ఆ పొగలోకి వెళ్లినన్నాళ్లూ అవి పనిచెయ్యవు" అన్నాడు. వెళ్లకపోతే ఏం తినాలో ఆయన రాయలేదు. మావయ్యకి ఒక ఆలోచన ఉండేది. పాత ఆటో ఒకటి కొనుక్కుని అవనిగడ్డ, కోడూరు వైపు తిప్పుకోవడం.

"ఆ రోడ్డు మీద అంతా సముద్రం గాలేరా బుజ్జీ. బేరాలు లేకపోయినా ఊరికే పీల్చుకుంటూ తిరగొచ్చు" అనేవాడు.

ఆటో రావాలంటే అమ్మడానికి ఆయనకి ఉన్నది ఒక్కటే, దొర గడియారం.

వాళ్ల తాత ఒకప్పుడు బందరు కోట వైపు ఒక దొర బంగళాకి కాపలా ఉండేవాడట. బంగళా పడగొట్టేటప్పుడు రావలసిన జీతానికి బదులు ఈ గడియారాన్ని మోసుకుపొమ్మన్నారు. మనిషి కన్నా ఎత్తు. నిలువుగా చెక్క పెట్టె, లోపల లోలకం, పైన ఇత్తడి ముఖం. ముఖం మీద చెక్కిన అంకెలు, వాటి కింద దాన్ని చేసినవాడిదో ఎవరిదో ఇంగ్లీషు పేరు. రేకుల కప్పు కింద పట్టక, నేల తవ్వి గోతిలో నిలబెట్టారు. అది నడవగా నేనెప్పుడూ చూడలేదు. సత్యవతి అత్తయ్య అందులో ఎండుమిరపకాయలు దాచేది.

నేను గుడివాడలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాను. ఇలాంటివాటికి గిరాకీ ఉంటుందని ఎక్కడో చదివి, ఫొటోలు తీసి నెట్లో పెట్టాను. కొన్నాళ్లకి హైదరాబాదు నుంచి రాంప్రసాద్ అని ఒకాయన ఫోన్ చేశాడు. పాత వస్తువులు కొని హోటళ్లకీ, ఉన్నవాళ్ల ఇళ్లకీ అమ్ముతాడట. ఫోన్ స్పీకర్లో పెట్టి మావయ్య ముందుంచాను.

"ముఖం బాగా నల్లబడినట్టుందే. ఇత్తడేనాండీ?"

"ఇత్తడేనండీ. మేలైన సరుకు."

"ఫొటోలో ఉన్నట్టే ఉంటే నేను బేరమాడనండీ. ఆదివారం బండితోనే వస్తాను."

ఆయన చెప్పిన ధర విని అత్తయ్య అక్కడే చతికిలబడింది. ఆటో పోగా మిగులుతుంది.

మావయ్య చెవిలో మాత్రం ఒక్క మాటే నిలిచింది. నల్లబడింది. నలభై ఏళ్లుగా ఆయన్ని తిట్టించిన మాట అది. నల్లబడిన సరుకు షాపుల నుంచి షెడ్డుకి తిరిగొస్తుంది. వస్తే యజమాని అందరి ముందూ నోటికొచ్చినట్టు అంటాడు, కూలి లేకుండా మళ్లీ పూత వేయిస్తాడు. నల్లబడినదాన్ని కొనేవాడి ముందు పెట్టడం మా వాళ్లకి సిగ్గుమాలిన పని.

శనివారం నేను గుడివాడలో ఉండగా ఆయన గడియారం ముఖం విప్పి షెడ్డుకి తీసుకెళ్లాడు. యాసిడ్‌లో ముంచి, తిరిగే చక్రానికి పెట్టి అద్దంలా రుద్ది, తొట్టిలోకి దించి పూత వేశాడు. అత్తయ్య వద్దంటే, "ఆ పొగలోకి ఇదే ఆఖరుసారి" అన్నాడట.

ఆదివారం రాంప్రసాద్ వచ్చేసరికి గడియారానికి ఉతికిన దుప్పటి కప్పి ఉంది. మావయ్య ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. దుప్పటి లాగాడు. ఆ చీకటి గదిలో ముఖం కొత్త గాజులా ధగధగలాడింది. నేనూ అప్పుడే చూశాను.

రాంప్రసాద్ దగ్గరికి వెళ్లి అంకెల్ని వేలితో తడిమాడు. చెక్కిన గీతల్లోని నల్లరంగు పోయింది. పేరు ఉన్నచోట వేలు నున్నగా జారిపోయింది.

"ఎవరు చేశారండీ ఇది?"

"నేనేనండీ" అన్నాడు మావయ్య నవ్వుతూ. "పూతకి మీ దగ్గరేం తీసుకోన్లెండి. ఆరు నెలలు గ్యారంటీ కూడా."

"దీని విలువ ఆ నలుపులో ఉందండీ. ఆ పేరులో ఉంది. ఇప్పుడు రెండూ లేవు."

"నలుపులోనా?" మావయ్య నా వైపు చూశాడు, ఈ పెద్దమనిషి వేళాకోళమాడుతున్నాడా అన్నట్టు.

"పెట్టె వరకైనా తీసుకోండి బాబూ" అంది అత్తయ్య. "మిరపకాయలు తీసేశాను."

రాంప్రసాద్ వంగి, గోతిలో ఉన్న పెట్టె అడుగుని గోటితో గీరి చూపించాడు. చెద తిన్న చెక్క పొడి పొడిగా రాలింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. అత్తయ్య ఇచ్చిన టీ తాగి, క్షమించమని చెప్పి, ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

"చూశావా, గుమ్మం దాటేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూశాడు" అన్నాడు మావయ్య దుప్పటి మడతపెడుతూ. "పూతకి వంక పెట్టలేదు."

సోమవారం పొద్దున్నే క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. ఎవరూ వద్దనలేదు.

వానలు పడ్డాయి. ఉప్పుగాలికి మా ఊళ్లో ఏ పూతా నిలవదు. ఆయన ఇచ్చిన గ్యారంటీ గడువు తీరకముందే పన్నెండు అంకె దగ్గర ఒక మచ్చ కనిపించింది, తర్వాత ముఖమంతా పాకింది. నాకు సెలవు ఉన్న రోజు చూసి అత్తయ్య పిలిచింది. మావయ్య మంచం మీద గోడవైపు తిరిగి దగ్గుతున్నాడు. ఆ నెలలో ఆయన షెడ్డుకి వెళ్లింది తక్కువ.

"మళ్లీ నల్లబడింది బుజ్జీ" అంది గొంతు తగ్గించి. "ఆ హైదరాబాదాయన నంబరు నీ దగ్గరుందిగా. ఒక ఫొటో తీసి పంపించు."

ఫోన్ తీశాను. గడియారం ముందు పట్టుకుని నిలబడ్డాను. ముఖం నల్లగానే ఉంది, పేరు ఉండే చోటు మాత్రం నున్నగానే ఉంది. ఎంతసేపటికీ నేను నొక్కకపోయేసరికి, వెలుతురు చాలడం లేదనుకుని ఆవిడ వెళ్లి తలుపు బార్లా తెరిచింది.