మార్తమ్మ ఆంటీ పెద్ద కార్లు

పోయిన శనివారం మా ఊరు షామ్‌బర్గ్‌లో కూరగాయల కొట్టు ముందు, మంచి ఎండలో, ఎవరిదో కొత్త కారు అద్దం మీద వైపర్ కర్రుమని గీసుకుంటూ రెండుసార్లు ఊగింది. చుక్క వాన లేదు. లోపలున్న పెద్దాయన కంగారుగా స్టీరింగ్ చుట్టూ తడుముకుంటున్నాడు. గేరు కోసం చెయ్యి చాపి వైపర్ పుల్లను లాగాడని నాకు వెంటనే తెలిసిపోయింది. నవ్వొచ్చింది. ఆ తరవాత సంచులు కింద పెట్టి కాసేపు అక్కడే నిలబడిపోయాను. అది మార్తమ్మ ఆంటీ చేసిన తప్పు. రెండేళ్ళ కిందట ఆ తప్పు వల్లే ఆవిడ లైసెన్స్ పోయేంత పనయింది. పోయిన చలికాలంలో ఆవిడే పోయారు. ఆవిడ ఎవరో తెలియనివాళ్ళకు ఆవిడ సంగతీ, ఆ లైసెన్స్ టెస్ట్‌కు ముందు మూడు వారాల సంగతీ చెప్పాలనిపించింది.

ఆంటీ గుంటూరులో నర్సు శిక్షణ పూర్తిచేసి, డెబ్భైల్లో ఈ దేశానికి వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసిన మనిషి. ఎత్తు అయిదడుగులు కూడా ఉండరు. కారు మాత్రం పద్దెనిమిది అడుగులది. నేను 2002లో డిపెండెంట్ వీసా మీద, ఏడాదిన్నర పాపతో ఆవిడ పక్క అపార్ట్‌మెంట్‌లో దిగాను. మా ఆయన ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో. సోమవారం విమానం ఎక్కితే మళ్ళీ గురువారం సాయంత్రమే. ఒక మంగళవారం పాప స్నేహకు చెవిపోటు వచ్చి ఒకటే ఏడుపు. వెళ్ళి ఆంటీ తలుపు తట్టాను. ఆవిడ ఏమీ అడగకుండా తాళాలు తీసుకున్నారు. పాప సీటు వెనక కట్టి, నన్ను ముందు కూర్చోమన్నారు. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా సోఫాలా ఒకటే. గేరు స్టీరింగ్ పక్కనే పొడుగ్గా వేలాడుతోంది. డాక్టరు మందు రాసిచ్చాక, తిరిగొస్తూ పాప నిద్రపోయాక, నాకు మాట వచ్చింది.

"ఇది కారా, హాలా ఆంటీ?"

"హాలే. భోజనాల గది వెనక ట్రంక్‌లో, అదే మన డిక్కీలో ఉంది, ఇంటికెళ్ళాక చూపిస్తా."

ఆ తిరుగు ప్రయాణంలోనే కార్ల చరిత్ర నాకు మొదటి పాఠం. ఆవిడ మొదట కొన్న కారులో కిటికీ అద్దం దింపాలంటే చేత్తో తిప్పాల్సి వచ్చేది. ప్రతి తలుపుకూ సిగరెట్ బూడిదకని ఒక ఇనప డబ్బా. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు, పిల్లలయితే లెక్క లేదు. తరవాతి కారుకు క్యాసెట్ ప్లేయరూ, మీట నొక్కితే దిగే అద్దాలూ వచ్చాయి. ఆ తరవాతి దానికి ఎయిర్‌బ్యాగ్. చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతు పెరుగుతూనే ఉంది. "బూడిద డబ్బాలు తీసేసి కాఫీ కప్పులకు గుంటలు పెట్టారు చూడు, ఊపిరితిత్తుల వార్డులో పనిచేసినదాన్ని కదా, ఆ రోజు నాకు పండగ" అన్నారు.

ఆ కారులోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. విజయవాడలో మా నాన్న కారు నడిపిన చెయ్యి నాది. దానికి ఇండికేటర్ కుడివైపు ఉండేది. ఇక్కడ కుడివైపున ఉన్నది గేరు. మొదటి మలుపులో సిగ్నల్ ఇద్దామని గేరు కిందికి లాగేశాను. ఇంజను ఒక్కసారిగా అరిచింది. "అమ్మాయ్, మలుపు తిరుగుతున్నానని చెప్పడానికి అంత కేక అక్కర్లేదు" అన్నారు ఆంటీ. అక్కడి నుంచి వచ్చిన వాళ్ళంతా ఆ పని ఒకసారైనా చేస్తారట.

పదేళ్ళు గడిచేసరికి అలాంటి ముందు సీట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. జనం ఎత్తు బండ్లకు మారారు. 2013లో ఆంటీ కారు ఇక సాగనని మొరాయిస్తే, ఇద్దరం షోరూములకు బయలుదేరాం. ఆవిడ చేతిలో ఒక ఖాళీ అల్యూమినియం ట్రే. చర్చి భోజనాలకు పులావు తీసుకెళ్ళేది. అలాంటివి నాలుగు బల్లపరుపుగా పట్టకపోతే అది ఫ్యామిలీ కారు కాదని ఆవిడ సిద్ధాంతం. సేల్స్‌మన్ ఇంజను బలం గురించి చెబుతుంటే ఆవిడ సగం ట్రంక్‌లో ఉన్నారు. ఏం వెతుకుతున్నారని అతను అడిగాడు.

"నలభైమంది భోజనం" అన్నారు లోపలి నుంచి.

మూడో షోరూములో ట్రే పట్టింది. ఆవిడ డ్రైవర్ సీటెక్కి, రివర్స్ వేయించి, తెర మీద వెనక గోడ కనబడగానే నా చెయ్యి పట్టుకున్నారు. "కారుకు వీపున కళ్ళొచ్చాయి, పద్మా. నలభై ఏళ్ళు మెడ తిప్పాను నేను." సీటు తనంతట తాను వెచ్చబడుతోంటే చిన్నపిల్లలా నవ్వారు. అదే కొన్నారు. పాత కారు వైపు తిరిగి చూడనైనా లేదు. కష్టమల్లా గేరుతోనే. అది ఇప్పుడు సీట్ల మధ్య ఒక గుండ్రటి మీట. తిప్పితే చాలు. ఆవిడ కుడిచెయ్యి మాత్రం నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ స్టీరింగ్ పక్కకే పోయేది. అక్కడ దొరికేది వైపర్. లాగితే పొడి అద్దం మీద కర్రుమనేది.

ఆ ఏడాదే ఆవిడకు డెబ్భై అయిదు నిండాయి. ఆ వయసులో లైసెన్స్ రెన్యూవల్‌కి మళ్ళీ రోడ్డు టెస్ట్ ఇవ్వాలి. ఈ ఊళ్ళో కారు లేకపోతే పాల ప్యాకెట్‌కి కూడా ఒకరి మీద ఆధారపడాలి. టెస్ట్ పోతే ఇల్లు ఖాళీ చేసి టెక్సాస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళాలని ఆవిడ అప్పటికే అనుకున్నారు. మూడు వారాలు రోజూ చర్చి పార్కింగ్‌లో ప్రాక్టీస్ చేశాం. రోజూ వైపర్లు తిరిగేవి. భయమేసి, నా కారులో టెస్ట్ ఇవ్వమన్నాను.

"టెస్ట్ నాకా, నీ కారుకా?"

"పాసవ్వాలి కదా ఆంటీ."

"అందులో పాసై ఇది నడిపితే మోసం కాదూ? రేపు ఎవర్నైనా గుద్దితే?"

టెస్ట్ రోజు లైసెన్స్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. పరీక్షకుడు పక్కన కూర్చున్నాడు. కారు కదలక ముందే వైపర్ ఒకసారి అడ్డంగా ఊగింది. వెంటనే ఆగింది. కారు మెల్లగా వెనక్కి వచ్చి, తిన్నగా మళ్ళి, వీధిలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేదాకా ఎవరి మొహమూ చూడలేదు.

పావుగంటకు ఆంటీ కాగితం ఊపుకుంటూ వచ్చారు. నేను గట్టిగా కౌగిలించుకున్నాను. "వాన వస్తుందనుకున్నారా అని అడిగాడాయన. లేదు, నా కారు మీకు నమస్కారం పెట్టిందన్నాను. ఆ తరవాత ఒక్కసారి కూడా చెయ్యి తప్పలేదు, తెలుసా?"

"మరి నాతో ఉన్నప్పుడు రోజూ తప్పిందేం?"

ఆవిడ కాగితం మడుస్తూ అన్నారు: "ఆయన కాళ్ళు చాపుకుని, కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు. నువ్వేమో తలుపు పిడి పట్టుకుని, లేని బ్రేకు తొక్కుతుంటావు. నేను రోడ్డు చూడాలా, నీ కాలు చూడాలా?" కోప్పడుతూ అన్న మాట కాదు. నేను నేర్పుతున్నాననుకున్న మూడు వారాలూ ఆవిడ నా భయాన్ని కూడా మోస్తూ నడిపారని అప్పుడు తెలిసింది. "ఎక్కు, హైవే మీద తీసుకెళ్తా" అన్నారు. ఎక్కాను. రెండు పాదాలూ కింద ఆనించి కూర్చున్నాను. పెద్ద కారు చప్పుడు లేకుండా వేగం అందుకుంటుంటే ఆవిడ హుషారుగా కీర్తన అందుకున్నారు. అలా ఇంకో ఏడాదిన్నర నన్ను తిప్పారు.

ఈ వేసవిలో స్నేహకు డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ వచ్చింది. మొన్న మొదటిసారి హైవే ఎక్కేటప్పుడు, పక్క లైనులో ట్రక్కు వస్తుంటే, "అమ్మా, ఓకేనా?" అంది. నా కాలి వేళ్ళు చెప్పులో ముడుచుకోబోయాయి. విప్పాను. "నువ్వు నడుపు" అన్నాను. అది అద్దంలో చూసి, సిగ్నల్ వేసి, హైవే మీది బండ్ల వరసలో కలిసిపోయింది.